ఖాళీ హైవే మీద 200 కొడితే తప్పేంటి?

రాత్రి రెండు గంటలు, రోడ్డు ఖాళీ, మంచి కారు, చుక్క మందు తాగలేదు, 100 లిమిట్ ఉన్న హైవే మీద 206లో కెమెరాకి దొరికాను, ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు, అయినా కారు సీజ్ చేసి, లైసెన్స్ సస్పెండ్ చేసి కోర్టుకి రమ్మంటున్నారు, జైలు కూడా పడొచ్చని లాయర్ అంటున్నాడు, ఇది మరీ అన్యాయం కాదా అని అడిగారు.

కాదండీ. ఎందుకు కాదో చెప్తాను. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను పంతొమ్మిదేళ్లుగా చేస్తున్నది ఒకటే పని. యాక్సిడెంట్ అయ్యాక ఆ చోటికి వెళ్లి, రోడ్డు మీద గీతలు, గాట్లు కొలిచి, బండ్లలో మిగిలిన డేటా తీసి, ఎవరు ఎంత వేగంతో వచ్చారు, ఎవరు ఎప్పుడు బ్రేకు తొక్కారు అని లెక్కగట్టి రిపోర్టు రాస్తాను. అంతకుముందు నాలుగేళ్లు టెస్ట్ ట్రాక్ మీద బండ్లు నడిపాను. కాబట్టి 200 అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆ వేగంలో ఉండే హాయి కూడా తెలుసు. స్పీడంటే ఇష్టం ఉండటం తప్పని నేనెప్పుడూ అనను.

మీ వాదన మొత్తం "ఖాళీ రోడ్డు" అనే మాట మీదే నిలబడి ఉంది, ముందు దాన్నే చూద్దాం.

హై బీమ్ వేస్తే మామూలుగా నూరు, నూట యాభై మీటర్ల దాకా రోడ్డు కనిపిస్తుంది. లో బీమ్‌లో అందులో సగం కూడా ఉండదు. 200లో మీరు సెకనుకి 55 మీటర్లు పైగా పోతుంటారు. ముందు ఏదో కనిపించింది, అదేంటో అర్థమై కాలు బ్రేకు మీదకి వెళ్లేసరికి సెకనున్నర అనుకుందాం, రాత్రిపూట ఇది తక్కువ లెక్కే. అక్కడికే 83 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు, మంచి టైర్లు, బ్రేకు అడుగంటా తొక్కారు అనుకున్నా బండి ఆగడానికి ఇంకో 220 మీటర్లు కావాలి. మొత్తం 300 మీటర్లు. మీకు కనిపించింది మహా అయితే 150. అంటే మిగతా సగం ఖాళీగా ఉందని మీరు చూడలేదు, అలా ఉంటుందని అనుకున్నారు, అంతే. ఆ సగంలో లైట్లు ఆరిపోయి ఆగిపోయిన బండి ఉండొచ్చు, లారీ నుంచి ఊడిన టైరు తోలు ఉండొచ్చు, రోడ్డు దాటుతున్న మనిషి ఉండొచ్చు. ఆ రాత్రి లేరు. లేరన్న సంగతి మీకు తెలిసింది మాత్రం ఆ చోటు దాటేశాకే.

ఇంకో లెక్క చెప్తాను, నేను ట్రైనింగ్ ఇచ్చే ప్రతి చోటా బోర్డు మీద వేసేది ఇదే. బ్రేకు తొక్కితే సెకనుకి 25 కిలోమీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనుకోండి. 100లో వస్తున్న కారుకి అడ్డం కనిపించిన దగ్గర్నుంచి పూర్తిగా ఆగడానికి సుమారు 97 మీటర్లు పడుతుంది. అదే చోట, అదే అడ్డం చూసి, అదే క్షణంలో 130లో వస్తున్న కారు కూడా బ్రేకు తొక్కితే, మొదటి కారు ఆగిన చోటికి వచ్చేసరికి దాని వేగం ఇంకా 95. తప్పు రాయలేదు, తొంభై ఐదే. మరి 200లో వచ్చిన కారు? 190 పైమాటే. ఎందుకంటే 83 మీటర్లు ఆలోచనకే పోయాయి, బ్రేకుకి మిగిలింది పద్నాలుగు మీటర్లు. ఆ పద్నాలుగు మీటర్లలో మీ ఖరీదైన బ్రేకులు చేయగలిగింది ఆరేడు కిలోమీటర్లు తగ్గించడం. "నా చేతిలో కంట్రోల్ ఉంది" అని మీరు రాశారు చూడండి, కంట్రోల్ అంటే స్టీరింగ్ వణక్కుండా పట్టుకోవడం కాదు. కావాల్సినప్పుడు, కావాల్సిన చోట ఆపగలగడం.

అయితే చట్టం ఇంత కఠినంగా ఉండటానికి అసలు కారణం బ్రేకు దూరం కూడా కాదని నా అభిప్రాయం. అది చెప్పడానికి ఒక కేసు చెప్పాలి.

తెల్లవారుజామున నాలుగున్నరకి జరిగింది. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు. ఒక చిన్న కారు 80లో వెళ్తోంది, ముందు లారీ నెమ్మదిగా పోతుంటే దాన్ని దాటడానికి పక్క లేన్‌లోకి వచ్చింది. వెనక నుంచి పెద్ద కారు వచ్చి గుద్దింది. చిన్న కారు నడుపుతున్నాయన బతికాడు, వెనక సీట్లో నిద్రపోతున్న వాళ్లమ్మ అక్కడికక్కడే చనిపోయింది. పెద్ద కారు నడిపినవాడికి చెయ్యి, పక్కటెముకలు విరిగాయి, బతికాడు. అతను ఇచ్చిన స్టేట్‌మెంట్ ఒక్క ముక్కే: "ఇండికేటర్ వేయకుండా సడన్‌గా అడ్డం వచ్చేశాడు, నేనేం చేయగలను?"

నేను వెళ్లేసరికి తెల్లారింది. ఏబీఎస్ (బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండ్ల బ్రేకు గీతలు ముదురుగా పడవు, నిలబడి చూస్తే కనపడవు, మోకాళ్ల మీద కూర్చుని రోడ్డుకి ఆనించినట్టు టార్చి వేసి చూస్తేనే పలచగా, నీడలా కనిపిస్తాయి. అలా చూస్తే గుద్దిన చోటికి ముందు బ్రేకు గీత నలభై మీటర్లు కూడా లేదు. తర్వాత పెద్ద కారు ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ నుంచి డేటా తీశాం. ఇప్పటి చాలా కార్లలో దెబ్బ తగలడానికి ముందు ఐదు సెకన్లు అందులో నిలిచిపోతాయి, వేగం, యాక్సిలరేటర్, బ్రేకు అన్నీ. 196, 198, 199, 201. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉంది. బ్రేకు పడింది దెబ్బకి 0.8 సెకను ముందు.

మరి ఇండికేటర్? చిన్న కారు వెనక భాగం అప్పడంలా నలిగిపోయింది, లైటు డబ్బా ముక్కలైపోయింది. కేసంతా దాని మీదే నిలబడింది కాబట్టి పక్కనున్న గడ్డిలో గంటన్నర వెతికాం. బల్బు దొరికింది, గాజు పగిలిపోయింది కానీ లోపలి తీగ ఉంది. ఆరిపోయి ఉన్న బల్బుకి దెబ్బ తగిలితే తీగ చల్లగా ఉంటుంది, విరిగితే పుటుక్కున తెగుతుంది. వెలుగుతూ ఉన్నప్పుడు తగిలితే ఆ వేడికి తీగ మెత్తబడి ఉంటుంది కాబట్టి పెన్నులో స్ప్రింగుని పట్టి లాగినట్టు సాగిపోతుంది. భూతద్దం కింద పెట్టి చూశాను. చుట్లు చుట్లుగా ఉండాల్సిన తీగ సాగిపోయి ఒక పక్కకి వంగి ఉంది. రెండోవైపు ఇండికేటర్ బల్బు కూడా తీసి పక్కన పెట్టి పోల్చాం, దాని చుట్లు చెక్కుచెదరలేదు. ఆయన ఇండికేటర్ వేశాడు. వేసి, అద్దంలో చూసి, తర్వాతే లేన్ మారాడు.

ఆస్పత్రిలో కలిసినప్పుడు ఆయన నాతో అన్నమాట ఇది: "అద్దంలో చూశాను సార్, రెండు లైట్లున్నాయి, చాలా దూరంలో ఉన్నాయి. ఇంకోసారి చూసుంటే అమ్మ బతికేది." నెలల తరబడి ఆ మనిషి అదే మోశాడు, తన తప్పని.

ఆయన చూసినప్పుడు ఆ లైట్లు సుమారు 150 మీటర్ల వెనక ఉన్నాయి. వెనక కారు 110లో వస్తుంటే ఇద్దరి మధ్య వేగం తేడా 30, ఆ 150 మీటర్లు తరిగిపోవడానికి 18 సెకన్లు పడుతుంది. లారీని దాటేసి, మళ్లీ తన లేన్‌లోకి వచ్చినా ఇంకా టైమ్ మిగిలేది. 200లో వస్తే తేడా 120. అదే 150 మీటర్లు నాలుగున్నర సెకన్లలో అయిపోతుంది. లేన్ మారడానికే మూడు, నాలుగు సెకన్లు కావాలి. రాత్రిపూట అద్దంలో రెండు చిన్న చుక్కల్ని చూసి అవి 110లో వస్తున్నాయా 200లో వస్తున్నాయా అని మనిషి కన్ను చెప్పలేదు. దూరంలో ఉన్నప్పుడు ఆ రెండు చుక్కల మధ్య ఎడం పెరిగేది వెంట్రుకవాసి, బాగా దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా ఉబ్బినట్టు పెద్దవవుతాయి. అప్పటికి ఎవరూ చేసేదేమీ ఉండదు. ఇంకోసారి చూసినా ఆయనకి తెలిసేది కాదు. ఆ మాట ఆయనకి లెక్క వేసి చూపించి మరీ చెప్పాను, అది నా రిపోర్టులో భాగం కాదు, అయినా చెప్పాను.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. రోడ్డు నడిచేది ఒకరి గురించి ఒకరు వేసుకునే అంచనాల మీద. లేన్ మారేవాడు, యూ టర్న్ తీసుకునేవాడు, నడిచి దాటేవాడు, వీళ్లంతా మీరు ఎంత వేగంతో వస్తుంటారో అంచనా వేసుకునే అడుగు వేస్తారు. ఆ అంచనా లిమిట్‌కి అటూ ఇటూ ఓ ఇరవై, ముప్పై దాకా సర్దుకుంటుంది. రెండింతలకి సర్దుకోదు. రెండు లేన్లు నడిచి దాటడానికి ఒక పెద్దావిడకి ఆరు సెకన్లు పడుతుందనుకోండి. 100లో వచ్చే కారు ఆ ఆరు సెకన్లలో 167 మీటర్లు వస్తుంది, 200లో వచ్చేది 333. మూడొందల మీటర్ల అవతల ఉన్న లైట్లు చూసి "ఇంకా దూరం ఉందిలే" అని అడుగేసే మనిషి తప్పు చేసినట్టా? ఆమె జీవితమంతా అదే అంచనాతో దాటింది, ఎప్పుడూ తప్పలేదు. మీరు నడిపిన ఆ ఐదు నిమిషాల్లో మాత్రం చుట్టుపక్కల ఉన్న ప్రతి మనిషి అంచనా తప్పు. వాళ్లకి ఆ సంగతి తెలీదు, వాళ్ల ఒప్పుకోలు మీరు అడగలేదు. అందుకే దీన్ని "ఇంకొంచెం ఎక్కువ స్పీడ్" అని చూడరు, వేరే జాతి నేరంగా చూస్తారు.

"నా కారుకి ఫైవ్ స్టార్ సేఫ్టీ ఉంది" అన్నారు. ఉండొచ్చు. కార్లని గుద్దించి పరీక్షించి ఆ స్టార్లు ఇచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ ఏళ్ల తరబడి చేసిన ఎదురుగుద్దుడు పరీక్ష 64 కిలోమీటర్ల వేగంలో, ఇప్పుడు వచ్చిన కొత్త పద్ధతిలో కారు, ఎదురొచ్చే ట్రాలీ రెండూ చెరో 50లో. ఆ స్టార్లు ఆ వేగాలకి. గుద్దినప్పుడు శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు, కాబట్టి 64తో పోలిస్తే 200లో అది దాదాపు పదింతలు. ఎయిర్‌బ్యాగ్, బెల్టు ఎవరూ ఆ వేగానికి తయారుచేయలేదు. రోడ్డు పక్కన ఇనుప బారియర్ ఉంటుంది కదా, దాన్ని కూడా మామూలు కార్లతో 100, 110 వేగంలో, ఇరవై, పాతిక డిగ్రీల కోణంలో గుద్దించే పరీక్షిస్తారు. 200లో వెళ్లి తగిలితే అది మిమ్మల్ని రోడ్డు మీదకి తిప్పి పంపుతుందన్న హామీ ఏ ఇంజనీరూ ఇవ్వడు. రోడ్డు వంపులు, సైన్ బోర్డుల మధ్య దూరం, డివైడర్లో ఖాళీలు, అన్నీ ఒక వేగం అనుకుని గీసినవే.

టైర్లు కూడా అంతే. పక్కన రాసి ఉండే చివరి అక్షరం చూడండి: టీ అంటే 190 దాకా, హెచ్ అంటే 210, వీ అంటే 240. ఆ అంకె ల్యాబ్‌లో, కొత్త టైరుకి, గాలి సరిగ్గా ఉన్నప్పటిది. నాలుగేళ్లు ఎండలో నిలబడ్డ టైరుకి, ఎప్పుడో పంక్చర్ వేయించిన టైరుకి, గాలి కొద్దిగా తగ్గిన టైరుకి కాదు. గాలి తక్కువుంటే ఆ వేగంలో టైరు పక్కలు సెకనుకి ఎన్నోసార్లు వంగి లేచి, లోపల వేడెక్కి, పొర ఊడిపోతుంది. ముందుగా హెచ్చరిక ఏమీ ఉండదు.

టెస్ట్ ట్రాక్‌లో మేం 200 దాటే ముందు ఏం చేసేవాళ్లమో చెప్తే తేడా తెలుస్తుంది. మొదట ఒకరు నెమ్మదిగా మొత్తం ట్రాక్ చుట్టి వచ్చేవాడు, ఒక్క రాయి, ఒక్క బోల్టు కనిపించినా ఆపేవాళ్లం. టైర్లు తడిమి, గాలి కొలిచి, నట్లు టార్క్ రెంచితో బిగించేవాళ్లం. గేటు మూసేవాళ్లు. రేడియోలో ఒకరు చూస్తూ ఉండేవాళ్లు, అంబులెన్స్ ఇంజిన్ ఆన్‌లో ఉండేది. ఎదురు బండి, పాదచారి, కుక్క ఏదీ లేని చోట ఇంత చేసేవాళ్లం. అయినా భయం ఉండేది, ఉండాలి కూడా. 1994లో ఆస్ట్రేలియాలోని నార్తర్న్ టెరిటరీలో అనుమతి తీసుకుని, అధికారుల్ని పెట్టుకుని హైవే మీద పెట్టిన కానన్‌బాల్ రన్ అనే కార్ల పోటీలోనే ఒక ఫెరారీ ఎఫ్40 చెక్‌పాయింట్ దగ్గర అదుపు తప్పి నలుగురు చనిపోయారు, కార్లో ఇద్దరు, అక్కడ డ్యూటీలో నిలబడ్డ ఇద్దరు.

ఇంకో విషయం, ఇది చాలామందికి తెలీదు. ట్రాక్ మీద అరగంట 200లో తిరిగి బయటకొచ్చి మామూలు రోడ్డెక్కితే 100 అనేది నడుస్తున్నట్టు ఉండేది. మీటరు చూస్తే 110 ఉండేది, నాకేమో 60లో ఉన్నట్టు అనిపించేది. కన్ను వేగానికి అలవాటు పడిపోతుంది, దిగాక కూడా కాసేపు ఆ భ్రమ పోదు. అందుకే మా దగ్గర రూల్ ఉండేది, ట్రాక్ దిగాక ఇరవై నిమిషాలు కూర్చోకుండా సొంత బండి తాళం ముట్టుకోకూడదని. హైవే మీద 200లో వచ్చి ఊళ్లోకి దిగే ర్యాంప్ దగ్గర వేగం తగ్గించానని అనుకునేవాళ్లు నిజానికి 120లో దిగుతుంటారు. అలా దిగి మలుపులో గోడని గుద్దిన కేసులు నేనే మూడు చూశాను.

సరే, చట్టాల సంగతి. మీ ఒక్కరికే ఇలా జరుగుతోందని అనుకుంటున్నారు, చాలా దేశాలు ఒక గీత గీసి, అది దాటితే చలానా కాదు, నేరం అంటున్నాయి. స్విట్జర్లాండ్‌లో 2013 నుంచి, 80కి పైన లిమిట్ ఉన్న రోడ్డు మీద లిమిట్ కంటే 80 ఎక్కువ పోతే దానికి వేరే పేరే ఉంది, ఏడాది నుంచి నాలుగేళ్ల దాకా జైలు, కనీసం రెండేళ్లు లైసెన్స్ ఉండదు అని రాశారు. మీ 206 అక్కడైతే నేరుగా అందులోకే వస్తుంది. డెన్మార్క్‌లో 2021 నుంచి 200 దాటితే కారు శాశ్వతంగా ప్రభుత్వానిదే, వేలం వేసేస్తారు. అదే ఏడాది ఒకాయన జర్మనీలో లంబోర్గినీ కొని ఇంటికి తీసుకెళ్తూ డెన్మార్క్‌లో 236లో దొరికాడు, కొన్న కొన్ని గంటలకే కారు పోయింది. కెనడాలోని అంటారియోలో లిమిట్ కంటే 50 ఎక్కువైతే అక్కడికక్కడే కారు 14 రోజులు, లైసెన్స్ 30 రోజులు లాక్కుంటారు, కోర్టు సంగతి తర్వాత. అమెరికాలో వర్జీనియాలో గంటకి 85 మైళ్లు దాటితే, అంటే సుమారు 137 కిలోమీటర్లు, అది క్రిమినల్ కేసే, ఏడాది దాకా జైలు వేయొచ్చు.

"మరి జర్మనీలో లిమిటే లేదు కదా" అని మీరు అంటారని తెలుసు, ప్రతి ఒక్కరూ అదే అంటారు. ఆటోబాన్‌లో, అంటే అక్కడి హైవేల్లో, చాలా భాగాలకి లిమిట్ లేని మాట నిజమే. కానీ 1978 నుంచి 130 అనేది సిఫార్సు వేగంగా ఉంది, అంతకంటే ఎక్కువలో పోతున్నప్పుడు యాక్సిడెంట్ అయితే తప్పు ఎదుటివాడిదైనా నష్టంలో కొంత భాగం మీ నెత్తిన పడొచ్చు, 130లో ఉన్నా అది తప్పేది కాదని మీరు నిరూపించుకోలేకపోతే. పైగా 2017లో అదే జర్మనీ ఇంకో నేరం చేర్చింది: లెక్కలేనితనంతో, సందర్భానికి తగని వేగంలో, వీలైనంత స్పీడ్ అందుకోవాలనే ఒక్కడే తోలినా అది అక్రమ రేసు కిందకే వస్తుంది, రెండేళ్ల దాకా జైలు, మనిషి చనిపోతే పదేళ్ల దాకా. ఒక వ్యాపారవేత్త బుగాట్టి షిరాన్‌లో ఆటోబాన్ మీద 417 కొట్టిన వీడియో బయటికి వచ్చినప్పుడు ప్రాసిక్యూటర్లు పరిశీలించింది ఈ సెక్షన్ కిందే. లిమిట్ లేని చోటు కాబట్టి 2022లో ఆ కేసు మూసేశారు. మీరు వెళ్లిన రోడ్డుకి లిమిట్ ఉంది, బోర్డు మీద 100 అని రాసుంది.

"నడిపేవాడి విచక్షణకి వదిలేయాలి" అన్నారు. అది కూడా ఒకచోట చేసి చూశారు. అమెరికాలోని మోంటానాలో 1995 చివర్లో పగటిపూట కార్లకి అంకె తీసేసి "సముచితమైన వేగం" అని మాత్రం ఉంచారు. 85 మైళ్లలో పోయి దొరికిన ఒకాయన కోర్టుకి వెళ్లాడు, సముచితం అంటే ఎంతో నాకెలా తెలుస్తుంది, పోలీసుకి ఎలా తెలుస్తుంది అని. 1998లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒప్పుకుంది, ఇంత అస్పష్టంగా ఉన్న చట్టం చెల్లదని కొట్టేసింది. 1999లో మళ్లీ అంకె పెట్టారు, 75 మైళ్లు. అంకె లేకపోతే అది డ్రైవర్‌కే అన్యాయం, ఎందుకంటే అప్పుడు నీ విచక్షణకీ పోలీసు విచక్షణకీ మధ్య కొట్లాట అవుతుంది.

ఇంత చెప్పాక మీ వైపు మాట కూడా చెప్పాలి, ఎందుకంటే చట్టాలన్నీ బాగున్నాయని నేను అనుకోవట్లేదు. వెడల్పాటి నేరు రోడ్డు మీద ఏ కారణం లేకుండా ఒక్కసారిగా లిమిట్ తగ్గించి, బోర్డు చెట్టు చాటున పెట్టి, దాని పక్కనే కెమెరా పెడితే అది భద్రత కోసం కాదు, వసూళ్ల కోసం. అలాంటివి జనానికి లిమిట్ అంటేనే గౌరవం పోగొడతాయి. అందరికీ ఒకే జరిమానా అనేది కూడా నాకు నచ్చదు, ఒకడికి నెల జీతం, ఇంకొకడికి చిల్లర. ఫిన్లాండ్‌లో 1921 నుంచీ ఆదాయాన్ని బట్టి జరిమానా వేస్తారు, 2023లో 50 లిమిట్‌లో 82లో పోయిన ఒక ధనవంతుడికి లక్షా ఇరవై ఒక్క వేల యూరోలు పడింది. అది న్యాయంగా ఉందనే అంటాను. స్విట్జర్లాండ్ కూడా తన కఠిన చట్టంలో జడ్జీలకి చేతులు కట్టేసినట్టు ఉందని గుర్తించి 2023లో కొంత సడలింపు ఇచ్చింది, పాత కేసులేవీ లేనివాడికి ఆ కనీస శిక్ష తప్పనిసరి కాకుండా. అది మంచి పని. శిక్ష ఎంత పెద్దదో దానికంటే, దొరుకుతానన్న నమ్మకం ఎంత ఉందో అదే మనిషిని ఆపుతుంది, ఈ మాట నేను కలిసిన ట్రాఫిక్ ఆఫీసర్లంతా ఒప్పుకుంటారు. పదేళ్ల జైలు అని రాసి, నూటికి ఒకణ్ని పట్టుకుంటే ఎవడూ లెక్కచేయడు. ఒక్కచోట ఫోటో తీసే కెమెరా దగ్గర అందరూ బ్రేకు తొక్కి దాటగానే మళ్లీ లాగిస్తారు. రెండు కెమెరాల మధ్య పట్టిన టైమ్ లెక్కగట్టి సగటు వేగం తీసే పద్ధతి ఉంది చూడండి, ఇటలీలో 2005 నుంచి హైవేల మీద వాడుతున్నారు, నా దృష్టిలో జైలు కంటే అది బాగా పనిచేస్తుంది. పది, ఇరవై కిలోమీటర్ల పొడవునా ఒక్క క్షణం బ్రేకు తొక్కి తప్పించుకోలేరు.

చిన్న చిన్న ఎక్కువలు కూడా ఊరికే పోవు. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు దాదాపు నాలుగు శాతం పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. రోడ్ల మీద ఏటా చనిపోతున్నవాళ్లు పదకొండు లక్షల తొంభై వేల మంది. అయితే 112లో దొరికినవాడినీ 206లో దొరికినవాడినీ ఒకే గాటన కట్టకూడదు, అలా కట్టేవాళ్లని నేను సమర్థించను. మీరు ఆ 112 కాదు. అది మాత్రం ఒప్పుకోవాలి.

ఇంతకీ మీకు మిగిలిందేంటి అంటే, పది కిలోమీటర్ల ముక్క మీద 100లో ఆరు నిమిషాలు, 200లో మూడు నిమిషాలు. మూడు నిమిషాలు.

ఇప్పుడు కోర్టు గురించి. నేను లాయర్ని కాదు, కానీ సాక్షిగా చాలాసార్లు బోనెక్కాను కాబట్టి చూసింది చెప్తున్నాను. కెమెరాకి కాలిబ్రేషన్ సర్టిఫికెట్, అంటే అది వేగం సరిగ్గా కొలుస్తుందని పరీక్షించి ఇచ్చిన కాగితం, ఉందా, ఆ తేదీకి చెల్లుతుందా అని మీ లాయర్ అడగడం మీ హక్కు, అడగమనండి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ "రోడ్డు ఖాళీగా ఉంది" అనే వాదన మాత్రం జడ్జి ముందు పెట్టొద్దు. అది మీకు సాయం చేస్తుందనుకుంటున్నారు, నిజానికి "తెలిసే, చూసుకునే తొక్కాను" అని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ రాత్రి మీటరు వీడియో తీసి ఉంటే, లేదా పక్కనున్నవాళ్లు తీసి ఉంటే, ఎక్కడా పెట్టకండి, డిలీట్ కూడా చేయకండి, ముందు లాయర్‌కి చూపించండి. డిలీట్ చేసిన సంగతి బయటపడితే అసలు కేసు కంటే పెద్ద తలనొప్పి. కోర్టు తేదీ కంటే ముందే డ్రైవింగ్ కోర్సులో చేరి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ల మాట జడ్జీలు కాస్త మెత్తగా విన్నారు, నేను కళ్లారా చూశాను. అయితే కాగితం కోసం కాకుండా నిజంగా వెళ్లండి, ఎమర్జెన్సీ బ్రేకింగ్ నేర్పించే చోటికి. బ్రేకు అడుగంటా తొక్కడం జీవితంలో ఒక్కసారి కూడా చేయనివాళ్లే ఎక్కువ, నేర్చుకున్నాక మీకే ఆశ్చర్యం వేస్తుంది.

స్పీడ్ ఆశ తీరాలంటే ట్రాక్ డేలు ఉంటాయి, సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజులు, హెల్మెట్, మార్షల్స్, మీతోపాటు అంతే వేగంలో వస్తారని తెలిసి వచ్చినవాళ్లు. మీ ఇన్సూరెన్స్ అక్కడ చెల్లదేమో ముందే చదువుకుని వెళ్లండి, చాలా పాలసీల్లో ట్రాక్ మీద జరిగినవాటికి మినహాయింపు రాసి ఉంటుంది.

కారు చేతికొచ్చాక ఇంకో పని. నాలుగు టైర్లూ విప్పించి లోపలి వైపు కూడా చూపించండి, పక్కల్లో చిన్న ఉబ్బు ఉన్నా, పొర లేచినట్టున్నా మార్చేయండి, 206లో వేడెక్కిన టైరు ఆ రాత్రి కాకుండా నెల తర్వాత, ఇంట్లోవాళ్లు కూర్చుని ఉన్నప్పుడు 90లో పేలొచ్చు. పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మీ టైర్ల మీద ఏముందో, చివరి అక్షరం ఏంటో రాయండి, ఆ వేగానికి అవి తగినవో కావో చెప్తాను.